సందేహాలు – సమాధానాలు: కిరాతకునిలో మానవత్వమా?

ప్రశ్న: వరుసగా హత్యలు చేసేవాడొకడు, చేతికి చిక్కిన ఒక అమ్మాయిని మాత్రం చంపలేక తల్లడిల్లడం చూపిన చౌకబారు అమెరికన్ నేరచిత్రం గురించి ఒక సమీక్షలో 'కిరాతకునిలోని మానవత్వం' అని రాశారు. ఈ ప్రయోగం సరైనదేనా? 'సీరియల్ కిల్లర్'ను తెలుగులో ఏమనాలి?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

సమాధానం: వ్యాకరణరీత్యా ఆ ప్రయోగంలో దోషం లేదు. నన్ను నొప్పించింది 'కిరాతక' శబ్దం. కిరాతులన్నది ఒక జాతి పేరు. సంస్కృత నిఘంటువు అమరకోశం రాసిన అమరసింహుడు కిరాత, శబర, పుళిందులను మ్లేచ్ఛజాతి భేదాలుగా చెప్పాడే గాని హంతకులని చెప్పలేదు. అర్జునుని పరీక్షించడానికి శివుడు ధరించినది కిరాతరూపమే. భారతంలో ఆ కథ ఉన్న ఉపపర్వానికి కైరాతమని పేరు. అడవిలో వేటాడి బతికేవారి పేరును గొంతులు కోసేవారికి తగిలించి, అది చాలదన్నట్లు 'కిరాతకంగా చంపాడు' అని క్రియావిశేషణం కూడా చేసుకొన్న మన పత్రికలవారు, నల్లమలలో చెంచులు నేటికీ ఉన్నారనీ, శ్రీశైల మల్లన్నను వారు 'చెంచు మల్లయ్య' అని పిలుచుకొంటారనీ ఒక్కసారి తలచుకొంటే బాగుండును.

కిరాతుడంటే ఎవరో తెలియాలంటే ధూర్జటి 'శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యం'లోని తిన్నని, అంటే భక్త కన్నప్ప, కథ చదవాలి. తిన్నడు మన సీమవాడే. పొత్తపినాటి బోయ అని సంప్రదాయం, రాజంపేట దగ్గరి ఊటుకూరు అతని ఊరని అక్కడివారు నేటికీ చెప్పుకొంటారు. ధూర్జటి అతని వేటను దాచలేదు, నెత్తురును కడిగివేయలేదు. పందిని కొట్టిన ఆ చేతులే మాంసం కాల్చి, రుచి చూసి, మంచి ముక్కలు ఏరి లింగానికి పెట్టాయి. స్వామి కంట నెత్తురు కారితే తన కన్ను పెకలించి అతికించినవీ ఆ చేతులే. 'చెంచే మంత్ర మూహించె' (చెంచు ఏ మంత్రం ఊహించాడు) అని శ్రీకాళహస్తీశ్వర శతకంలో ధూర్జటి అడిగినది ఇతని గురించే. గమనించవలసినదేమంటే, తిన్ననిలో ద్వైధీభావం, అంటే మనసు రెండుగా చీలడం, లేదు. వేట అతనికి వృత్తి, శివుడు అతనికి ప్రాణం. ఒకటి రెండవదానిని నిలదీయదు. మీరు చెప్పిన చిత్రంలోని మనిషి ఇందుకు పూర్తిగా విరుద్ధం. తాను చేసేది పాపమని తెలిసీ మానలేక, చేయబోయి చేయలేక చీలిపోతున్నవాడు అతడు. ఆ చీలికే కథకు ప్రాణమైనప్పుడు, చీలికే ఎరుగని కిరాతుని పేరు అతనికెలా నప్పుతుంది?

'మానవత్వం' అన్నది వ్యుత్పత్తిలో మనిషితనం మాత్రమే, దయ తరువాత చేరిన అర్థం. ఇక్కడ 'కనికరం' అంటే సూటిగా ఉండేది.

'కిరాతకుడు' క్రూరుడనే అర్థంలో రూఢమైపోయింది, నిఘంటువులకూ ఎక్కింది. కాబట్టి తప్పు అని కొట్టివేయలేను. నేను మాత్రం రాయను. 'హంతకునిలోని కనికరం' అనో 'హంతకుని అంతస్సంఘర్షణ' అనో అంటాను. 'సీరియల్ కిల్లర్'కు 'వరుస హంతకుడు' అని కొందరు రాస్తున్నారు, అది వరుసగా నిలబడ్డ హంతకులనిపిస్తుంది. 'వరుస హత్యల హంతకుడు' కొంత మేలు, కాదంటే ఆ ఇంగ్లీషు మాటనే తెలుగు లిపిలో రాసుకోవచ్చు.