ఇతరుల పాటల్లో వినిపించే గిటారు

ప్రశ్న: మా అబ్బాయి బీకాం రెండో సంవత్సరం చదువుతూ ఎలక్ట్రిక్ గిటారు నేర్చుకున్నాడు. ఇంగ్లండ్ రాక్ గిటారిస్టు జిమ్మీ పేజ్ మాదిరిగా సెషన్ గిటారిస్టునవుతానని పట్టుబడుతున్నాడు. అసలు అదేం పని? దానితో ఇల్లు గడుస్తుందా?
– ఒక తల్లి, కొర్లగుంట, తిరుపతి

జవాబు: అది నెలజీతపు ఉద్యోగం కాదమ్మా. ఎవరి పాటకు పిలుపు వస్తే వారి స్టూడియోకు వెళ్లి, అప్పటికప్పుడు చేతికిచ్చిన నొటేషన్ (రాసిన స్వరాలు) చూసి వాయించి, ఆ పాటకు ఒప్పుకున్న పారితోషికం తీసుకుని వచ్చేవారే సెషన్ కళాకారులు. జిమ్మీ పేజ్ 1966లో యార్డ్‌బర్డ్స్ అనే రాక్ బృందంలో చేరకముందు, లండన్‌లో కొన్నేళ్లపాటు చేసిన పని ఇదే. అక్కడ ఒక్కో సెషన్ మూడు గంటలు. రోజుకు మూడేసి కూడా ఉండేవి. 1968లో మొదలైన తన రాక్ బృందం లెడ్ జెప్పెలిన్‌తో వచ్చిన పేరునే మన పిల్లలు చూస్తారు గానీ, అంతకుముందు ఆయన పేరు లేకుండా వాయించిన పాటలను పట్టించుకోరు. అంతదూరం ఎందుకు, 1976లో సంగీత దర్శకుడిగా పరిచయం కాకముందు ఇళయరాజా గారు కూడా మద్రాసులో ఇతరుల పాటలకు గిటారు వాయించినవారే.

ఈ పనిలో సోలోలు (ఒంటరిగా మెరిసే వాయింపులు) తక్కువ, అణకువ ఎక్కువ. హెడ్‌ఫోన్‌లో లయ చూపుతూ టిక్కుటిక్కుమనే క్లిక్‌ను విడవకుండా, కుడి అరచేతి అంచును బ్రిడ్జి (గిటారు ఒంటిపై తీగలు ఆనే భాగం) దగ్గర తీగలపై ఆనించి మోతను అదిమిపట్టి, ఒకే రిఫ్‌ను (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వరవరుసను) రెండుసార్లు వాయించవలసి ఉంటుంది. ఆ రెండింటినీ కుడి, ఎడమ స్పీకర్లకు పంచుతారు. రెండు టేకుల మధ్య సహజంగా ఉండే సూక్ష్మభేదమే పాటకు నిండుదనాన్నిస్తుంది, కానీ లయ జారితే అంతా గందరగోళమవుతుంది.

ఇక సంపాదన. కేవలం తిరుపతిలో కూర్చుని రాక్ గిటారుతోనే బతకడం కష్టమని నా అభిప్రాయం. రైల్లో మూడు, నాలుగు గంటల దూరంలో చెన్నై స్టూడియోలు ఉన్నాయి, పైగా ఇంట్లోనే ఆడియో ఇంటర్‌ఫేస్ (గిటారును కంప్యూటరుకు కలిపే పరికరం) పెట్టుకుని ట్రాక్ రికార్డు చేసి పంపే వీలు కూడా ఇప్పుడుంది. అయినా మొదటి కొన్నేళ్లు పెళ్లి ఆర్కెస్ట్రాలు, పిల్లలకు పాఠాలు తప్పకపోవచ్చు. కనుక బీకాం పూర్తి చేయనివ్వండి. పారితోషికం ఎంతో వాయించడానికి ముందే మాట్లాడుకోవడం అలవాటు చేయండి, మొహమాటపడితే నష్టపోయేది అతడే. మీ ఊళ్లోని శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల వంటి చోట కర్ణాటక సంగీతం నేర్చుకుంటే స్వరజ్ఞానం, తాళజ్ఞానం గట్టిపడతాయి. ఐదు గీతలపై రాసే పాశ్చాత్య స్వరలిపి, అంటే స్టాఫ్ నొటేషన్ మాత్రం విడిగా నేర్చుకోవాలి.

ప్రస్తుతానికి ఒక చిన్న పరీక్ష పెట్టండి. లయకు దెబ్బలు వినిపించే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల దగ్గర ఉంచి, నాలుగు నిమిషాలపాటు ఒకే రిథమ్‌ను ఫోనులో రికార్డు చేయమనండి. వేగంగా వాయించడం కంటే ఇది కష్టం, ఎందుకంటే దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ పెరిగేకొద్దీ చేయి తొందరపడుతుంది. ఆ రికార్డు విన్నాక కూడా అతడికి ఇదే పని కావాలనిపిస్తే, అడ్డు చెప్పకండి.