పంపడం సరే, అందుకున్నాక?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ యాక్టర్ భాష (మెసేజ్‌లతోనే మాట్లాడుకునే చిన్న చిన్న ప్రోగ్రాములు, అంటే యాక్టర్లు, రాసుకునే ప్రోగ్రామింగ్ భాష) డిజైన్ రెండుసార్లు చదివాను. పన్నెండు పేజీల్లో తొమ్మిది, మెసేజ్ పంపడానికి ఏ గుర్తు వాడాలన్న దాని మీదే. ఆశ్చర్యార్థకం పెట్టెయ్. ఎర్లాంగ్ అనే ప్రోగ్రామింగ్ భాషలో అదే, 1978లో కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ పేపర్లోనూ అదే.

మెయిల్‌బాక్స్ (యాక్టర్‌కి వచ్చిన మెసేజ్‌లు పడే చోటు) గురించి మాత్రం ఒకే వాక్యం: 'వచ్చిన మెసేజ్‌లు వరుసలో ఉంటాయి.' ఏ వరుస? ఎర్లాంగ్ ఇచ్చే హామీ చాలా చిన్నది. ఒక ప్రాసెస్ (యాక్టర్‌కి అక్కడి పేరు) ఇంకో ప్రాసెస్‌కి పంపినవి పంపిన వరుసలోనే అందుతాయి. ఇద్దరు పంపితే ఎవరిది ముందో చెప్పలేం. మరి ఎన్ని పడతాయి? అక్కడ మెయిల్‌బాక్స్‌కి మామూలుగా హద్దు లేదు. ఆ దెబ్బ నేను తిన్నాను. ఒకచోట మా లాగ్ (ఏం జరిగిందో రాసుకునే చిట్టా) రాసే పనంతా ఒక్క ప్రాసెస్ మీదే పెట్టాం. ఓ రాత్రి డిస్క్ నెమ్మదించింది. పంపేవాళ్లు ఆగలేదు, ఆగమని చెప్పే దారీ లేదు. పైగా ఆ ప్రాసెస్ తనకు కావాల్సిన జవాబు కోసం క్యూని మొదటినుంచీ వెతికేది, సరిపోనివి అక్కడే వదిలేసేది. క్యూ పెరిగేకొద్దీ వెతుకులాట పెరిగింది, వెతుకుతూ కూర్చుంటే క్యూ ఇంకా పెరిగింది. తెల్లారేసరికి మెమరీ అయిపోయి నోడ్ (ఆ ప్రాసెస్‌లన్నీ నడిచే ఎర్లాంగ్ సిస్టమ్) మొత్తం పడిపోయింది. కోడ్ రాసింది నేనేలే.

నువ్వు హద్దు పెడతావా? నిండాక పంపినవాణ్ణి ఆపుతావా, మెసేజ్ పారేస్తావా? ఆపితే, ఇద్దరు యాక్టర్లు ఒకరికోసం ఒకరు కదలకుండా కూర్చునే ప్రమాదముంది. ఏదో ఒకటి తేల్చి, ఎందుకో రాయి.

మెసేజ్‌ని కాపీ చెయ్యడం దండగన్నావు. యాక్టర్ ఆలోచన 1973లో హ్యూయిట్, ఆయన సహచరుల పేపర్‌తో వచ్చింది. కానీ ఎరిక్సన్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్, విర్డింగ్, విలియమ్స్ ఎర్లాంగ్ కట్టింది టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం. ఒక కాల్ తెగితే తెగొచ్చు, ఎక్స్ఛేంజీ ఆగకూడదు. అందుకే ఒక్కో ప్రాసెస్‌కి సొంత హీప్ (డేటా పెట్టుకునే మెమరీ). ఒకటి చస్తే పక్కదాని డేటా చెడదు, సూపర్‌వైజర్‌కి (మిగతావాటిని కనిపెట్టుకుని ఉండే ప్రాసెస్‌కి) కబురు వెళ్తుంది, అది మళ్లీ కొత్తదాన్ని లేపుతుంది. ఆ కాపీ ఖర్చు ఈ నిశ్చింతకే. పెద్ద బైనరీలను (ముడి బైట్ల డేటాను), అంటే 64 బైట్లు దాటినవాటిని, వాళ్లూ కాపీ చెయ్యరనుకో. పోనీ అనే భాష (మన 'పోనీలే' కాదు, పొట్టి గుర్రం) టైపుల్లోనే హక్కులు (ఏ డేటాను ఎవరు చదవొచ్చు, ఎవరు మార్చొచ్చు అన్నవి) పెట్టి కాపీ తప్పించింది. నాకైతే అవి వంటబట్టడానికి చాలా రోజులు పట్టింది. ఆ దారిలో వెళ్లేముందు, నీ భాష నేర్చుకునేవాడికి అంత ఓపిక ఉంటుందా అని ఆలోచించు.

ఈసారి మెయిల్‌బాక్స్ పేజీతోనే మొదలుపెట్టి పంపు. అందులో ఇదొకటి తేల్చు: అడిగినవాడు 5 సెకన్లు చూసి ఆశ వదులుకున్నాడు, ఆరో సెకనులో జవాబొచ్చింది. అది ఎవరి మెయిల్‌బాక్స్‌లో, ఎన్నాళ్లు పడి ఉంటుంది?