తల్లి పక్కలో పడుకుంటే పసిబిడ్డ నిద్రలో ఏం మారుతుంది?

తల్లిని ఆనుకుని పడుకున్న పాలబిడ్డ, విడిగా పడుకున్నప్పటికంటే తేలిక నిద్రలో ఎక్కువసేపు, గాఢనిద్రలో తక్కువసేపు ఉంటుంది. చిన్న చిన్న మెలకువలూ పెరుగుతాయి. తల్లి కదలిక, ఊపిరి చప్పుడు, పాల వాసన, ఒంటి వెచ్చదనం బిడ్డను తడుతూనే ఉంటాయి. చాలాసార్లు ఇద్దరికీ దాదాపు ఒకేసారి మెలకువ వస్తుంది. అందులో చాలా వరకు కొన్ని సెకన్లవే, కళ్లు కూడా తెరవరు.

పాలకొండలో పుట్టింటికి పురిటికి వచ్చిన బాలింతనే తీసుకోండి. రాత్రి రెండింటికి ఆమె ఇటు ఒత్తిగిలగానే బిడ్డ పెదవులు చప్పరించి, తల తిప్పి రొమ్ము వెతుక్కుంటుంది. నాలుగు గుక్కలు తాగి, ఏడవకుండానే మళ్లీ కునుకులోకి జారుకుంటుంది. అదే పక్కగదిలో ఉంటే ఏడ్చేదాకా ఎవరికీ తెలియదు.

"మాటిమాటికీ లేస్తోంది, పాలు చాలట్లేదు" అని ఇంట్లో టెన్షన్ పడి డబ్బా పాలు మొదలుపెడతారు. ఒక్క మెలకువలను చూసి అలా అనుకోవడం తప్పు. తొలి నెలల్లో సులువుగా మెలకువ రావడం బిడ్డకు రక్షణ కూడా: ఊపిరి తడబడితే కదిలి సర్దుకుంటుంది.

ఇంతకంటే ప్రమాదకరమైన అపోహ ఇంకోటి ఉంది: "తల్లికి నిద్రలోనూ ఎరుక ఉంటుంది, ఏమీ కాదు." ఆ ఎరుకను నమ్ముకోకూడదు. కుంగిన నులక మంచం, మెత్తటి దూది పరుపు, దిండ్లు, బొంతలు బిడ్డ ఊపిరికి అడ్డుపడగలవు. పక్కలో పడుకునేవాళ్లకు పొగ, మద్యం అలవాటున్నా, బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా ముప్పు మరీ ఎక్కువ. అందుకే పిల్లల డాక్టర్లు బిడ్డను అదే గదిలో, తల్లి చేయి చాస్తే అందేంత దగ్గరలో, విడిగా గట్టి పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టమంటారు.