బెదురు పిట్టకి ప్రయాణపు పెట్టె

చిరంజీవి అమ్మలుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. మీ కాకటీల్‌ని, అదే ఆ తల మీద కుచ్చున్న చిన్న చిలకని, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి ఏది కొనాలని అడుగుతూ నువ్వు పంపిన మూడు ఫోటోలూ చూశాను. వీపుకి తగిలించుకునే ఆ బుడగ సంచీ నీకు బాగా నచ్చినట్టుంది. అదొక్కటి మాత్రం కొనకు. ఎందుకు వద్దంటున్నానో తెలిస్తే, మిగతా రెండింటిలో ఏది తీసుకోవాలో నీకే అర్థమవుతుంది.

ఆ సంచీకి ముందు భాగమంతా బోర్లించిన గాజు గిన్నెలా ఉబ్బెత్తు ప్లాస్టిక్ ఉంది కదా. అందులోంచి పిట్ట బయటికి చూస్తూ హాయిగా వెళ్తుందని అమ్మేవాళ్ళు రాస్తారు. ధైర్యమున్న పిట్టయితే అలాగే చూస్తుందేమో. మీ కాకటీల్ మిక్సీ చప్పుడుకే కుచ్చు నిక్కబొడుచుకుని పంజరం మూలకి పోతుందని రాశావు. అలాంటిదాన్ని బుడగలో కూర్చోబెట్టి ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద తీసుకెళ్తే ఏమవుతుందో ఆలోచించు. దాని కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి, దాదాపు చుట్టూ ఉన్నదంతా ఒకేసారి కనిపిస్తుంది. వాటి పుట్టిల్లు ఆస్ట్రేలియా బయళ్ళు. పైనుంచి డేగ దిగకముందే గుంపుతో లేచి ఎగిరిపోవడం వాటికి పుట్టుకతో వచ్చిన గుణం. పక్కనుంచి దూసుకొచ్చే బస్సయినా, మీద పడే ఫ్లైఓవర్ నీడైనా దానికి మీదకొస్తున్న డేగే. ఆ సంచీలో ఎగరడానికి దారి లేదు, దాక్కోవడానికి మూలా లేదు.

అందుకే బెదురు పిట్టకి పెట్టె కొనేటప్పుడు నేను మొదట చూసేది దాక్కునే చోటు ఉందా లేదా అని. మూడు పక్కలా, పైనా మూసి ఉండాలి. ఒక్క వైపే జాలీ తలుపు ఉండాలి. చూడాలనిపిస్తే ముందుకొస్తుంది, భయమేస్తే వెనక్కి పోయి కూర్చుంటుంది. ఎటు ఉండాలో దానికే వదిలెయ్యాలి. అందంగా ఉంది, లోపల బాగా కనిపిస్తోంది అనేవి మన కళ్ళకి పనికొచ్చే లెక్కలు, దానికి కావు.

బుడగ సంచీ వద్దనడానికి మన చెన్నై ఎండ ఇంకో కారణం. పక్షులకి చెమట పట్టదు. మామూలుగానే వాటి ఒంటి వేడి 40 డిగ్రీల పైన ఉంటుంది. ఇంకా వేడెక్కితే నోరు తెరిచి రొప్పుతాయి, రెక్కలు ఒంటికి దూరంగా ఎత్తి పెడతాయి. అలా రొప్పినప్పుడు లోపలి తేమ ఆవిరై వాటి ఒళ్ళు చల్లబడుతుంది. మన సముద్రపు గాలిలో ముందే తేమ నిండి ఉంటుంది కాబట్టి ఆ ఉపాయం ఇక్కడ అంతగా పనిచెయ్యదు. పైగా బుడగ మీద ఎండ పడితే వేడి లోపలే నిలిచిపోతుంది, నాలుగు చిల్లులతో అది పోదు. నీ వీపు వేడి కూడా తోడవుతుంది. అన్నిటికన్నా నాకు నచ్చనిది, పిట్ట నీ వెనక ఉంటే అది రొప్పుతోందో లేదో నీకు కనిపించకపోవడం.

రెండో ఫోటోలోని తీగల పంజరానికి గాలి బాగా ఆడుతుంది, అది ఒప్పుకుంటాను. మూడు పక్కలా నూలు గుడ్డ కడితే పనికొస్తుంది కూడా. కానీ ఆ మెరిసే తీగలు చూస్తే జింక్ పూత పూసినట్టున్నాయి. చిలక జాతి పక్షి కంగారులో తీగ కొరుకుతుంది, జింక్ కడుపులోకి పోతే విషం. స్టెయిన్‌లెస్ స్టీల్ అయితేనే ఆలోచించు. తీగల మధ్య సందు అర అంగుళం దరిదాపుల్లో ఉండాలి, తల దూరేంత ఉంటే వద్దే వద్దు.

నా ఓటు మూడోదానికి, పిల్లుల కోసం అమ్మే ఆ గట్టి ప్లాస్టిక్ పెట్టెకి. లేత రంగుది, అన్నిటికన్నా చిన్న సైజు తీసుకో. పెద్దదైతే సుఖంగా ఉంటుందనుకుంటాం, బెదురు పిట్ట విషయంలో అది తప్పు. కాకటీల్ ముక్కు నుంచి తోక చివరి దాకా 30 సెంటీమీటర్లకి కాస్త అటూ ఇటూ ఉంటుంది, అందులో సగం తోకే. తోక వంగకుండా ఇటు నుంచి అటు తిరగగలిగితే చాలు. రెక్కలు పూర్తిగా చాచి కొట్టుకునేంత చోటుంటే, డ్రైవర్ బ్రేకు వేసినప్పుడల్లా అది ఎగిరి గోడకి తగులుతుంది. కొత్తగా వస్తున్న ఈక మొదట్లో నెత్తురుంటుంది. అది విరిగితే రక్తం కారుతుంది, నీ కంగారు చూసి అది ఇంకా బెదురుతుంది.

కొనేముందు తలుపు సంగతి కూడా చూడు. ముందు తలుపు వెడల్పుగా ఉండి, పై సగం క్లిప్పులు తీస్తే మొత్తం ఊడొచ్చేది కావాలి. చిన్న తలుపులోంచి చెయ్యి పెట్టి మూలమూలకీ తరిమి పట్టుకుంటే, మళ్ళీ జన్మలో ఆ పెట్టెలోకి రాదు. పై సగం తీసేస్తే డాక్టరు నెమ్మదిగా టవల్ కప్పి తీసుకోగలరు. గడియని ముక్కుతో లేపడం వీటికి బాగా వచ్చు కాబట్టి, తాళంచెవులకి వాడే స్ప్రింగు కొక్కెం ఒకటి అదనంగా తగిలించు.

లోపల కూర్చోవడానికి గరుకు చెక్క కడ్డీ ఒకటి అడుగు నుంచి రెండంగుళాల ఎత్తులో, ఊగకుండా బిగించు. ఎత్తు పెడితే కుదుపుకి పడిపోతుంది. గంటలూ అద్దాలూ వేలాడే బొమ్మలూ ఏవీ వద్దు. అడుగున జారకుండా పాత దుప్పటి ముక్క పరుచు. దారాలు లేచిన టవల్ అయితే గోళ్ళు చిక్కుకుంటాయి. దాని మీద తెల్ల కాగితం వెయ్యి, రెట్ట రంగు డాక్టరుకి తేలిగ్గా కనిపిస్తుంది.

పెట్టె రాగానే ప్రయాణం పెట్టుకోకు. కొన్ని వారాల పాటు తలుపు తీసి హాల్లో పంజరం పక్కనే ఉంచు. లోపల కొర్ర కంకి పెట్టు, మిగతా వేళల్లో కొర్ర కంకి ఇవ్వడం మానెయ్యి. తనంతట తను లోపలికి వెళ్ళి తింటున్నప్పుడు ఒక నిమిషం తలుపు మూసి తెరువు. తర్వాత ఎత్తి ఇంట్లో తిప్పు, ఆ తర్వాత ఆపి ఉన్న కారులో కూర్చోబెట్టు. కుచ్చు తలకి అతుక్కుపోయి బుసకొడితే భయపడ్డట్టు, అంతకుముందు మెట్టుకి వెనక్కి వెళ్ళు. కుచ్చు వదులుగా ఉండి తింటూ ఉంటే ముందుకెళ్ళు. ఎన్ని రోజులు పడుతుందో పిట్టే చెప్పాలి, నువ్వు టెన్షన్ పడి తొందరపెట్టకు.

వెళ్ళే రోజు పొద్దున్నే ఎండెక్కకముందు బయలుదేరు. షోళింగనల్లూరు నుంచి వేపేరి ఆసుపత్రి దాకా ట్రాఫిక్‌లో ఎలా ఉంటుందో నీకు తెలుసు. పెట్టెని వెనక సీట్లో బెల్టుతో బిగించు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీటు వద్దు. ఏసీ గాలి సూటిగా తగలకూడదు. కారులో సెంటు డబ్బా ఉంటే ముందు రోజే తీసెయ్యి, పక్షుల ఊపిరి చాలా సున్నితం. నీళ్ళ గిన్నె కుదుపుకి ఒలికి పిట్ట తడుస్తుంది, బదులుగా కీరా ముక్క పెట్టు. దార్లో కాఫీకి ఆగినా పెట్టె నీతోనే దిగాలి. మూసిన కారులో మన ఎండకి నిమిషాలు చాలు.

వేపేరిలో 1903 నుంచీ ఉన్న మద్రాసు వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికే వెళ్తావు కాబట్టి ఇది కూడా గుర్తుంచుకో. అక్కడ కుక్కలూ పిల్లులూ చాలా ఉంటాయి. పెట్టె నేల మీద పెట్టకు, ఒళ్ళో పెట్టుకుని జాలీ నీ వైపు తిప్పుకో.

అది ఎంత అరిచినా పిట్టని చున్నీలో చుట్టి గుండెకి హత్తుకుని మాత్రం ఆటో ఎక్కకు. మనకి ఊపిరికి పనికొచ్చే ఉదరవితానం, అంటే ఊపిరితిత్తుల కింద ఉండే కండరం, పక్షులకి ఉండదు. రొమ్ము ఎముక కదిలితేనే వాటికి గాలి. ప్రేమగా బిగించి పట్టుకున్నా ఊపిరాడదు.

ఈలోపు అత్యవసరమైతే గట్టి అట్టపెట్టె తీసుకుని, పక్కల్లో చిల్లులు పొడిచి, అడుగున గుడ్డ పరిచి అందులోనే తీసుకెళ్ళు. చీకటిగా ఉంటే అది కదలకుండా కూర్చుంటుంది. కొరికి బయటికి రాకముందే చేరాలి గనక దూరం వెళ్ళకు, మీ దగ్గర్లో పక్షుల్ని చూసే డాక్టరు ఎవరో ఇవాళే ఫోన్ చేసి కనుక్కుని పెట్టుకో.

ఆ మూడో పెట్టె లోపలి పొడవూ ఎత్తూ, తలుపు వెడల్పూ రాసి పంపు. చూసి చెప్పాక డబ్బు కట్టు.

ఆశీస్సులతో,
మాంబళం నుంచి మీ పెద్దమ్మ