మా బాబు ఐక్యూ 82 అన్నారు.. స్పెషల్ స్కూల్‌కి మార్చాలా?

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్ల నాలుగు నెలలు. రెండో తరగతి వరకు మా అమ్మవాళ్ల ఊళ్లో తెలుగు మీడియంలో చదివాడు. నిరుడు జూన్‌లో ఖమ్మం తీసుకొచ్చి ఇంగ్లిష్ మీడియం ప్రైవేటు స్కూల్లో మూడో తరగతిలో చేర్పించాం. అప్పటి నుంచీ చదువులో వెనకబడ్డాడు. ఇంగ్లిష్ ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతాడు. క్లాసులో పిలిస్తే పలకడని, ధ్యాస ఉండదని టీచర్లు అంటున్నారు. ఇంట్లోనూ రెండు మూడుసార్లు పిలిస్తే గానీ పలకడు. టీవీ సౌండ్ పెంచమని గొడవ చేస్తాడు. జలుబు తరచూ వస్తుంది, రాత్రి నోరు తెరుచుకుని గురక పెడతాడు. కిరాణా కొట్టు మాదే. సాయంత్రం కూర్చోబెడితే చిల్లర లెక్క మాత్రం తప్పడు. గత నెల స్కూల్ కౌన్సెలర్ ఒక టెస్ట్ పెట్టారు. ఆ రోజు వాడికి జలుబు, ఒళ్లు వెచ్చగా కూడా ఉంది. ముప్పావు గంటలో అయిపోయింది. రిపోర్టులో వెర్బల్ 67, పెర్ఫార్మెన్స్ 97, మొత్తం ఐక్యూ 82 అని ఇచ్చి, ‘స్లో లెర్నర్, స్పెషల్ స్కూల్ చూసుకోండి, లేకపోతే టీసీ తీసుకోండి’ అన్నారు. వేలిముద్రలతో చేసే ఇంకో టెస్ట్ ఉందని, 6,000 రూపాయలు అవుతుందని చెప్పారు. మా అబ్బాయిది బుద్ధిమాంద్యమా? బ్రెయిన్ స్కాన్ తీయించాలా? జ్ఞాపకశక్తికి మందులు ఉన్నాయా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక తల్లి, ఖమ్మం

సలహా: అమ్మా, ముందు స్కూల్ సంగతి చెబుతాను. ఈ రిపోర్టు చూసి బాబును ఎక్కడికీ మార్చకండి, టీసీ అడగకండి. మీరు రాసినదాన్ని బట్టి ఇది బుద్ధిమాంద్యంలా కనిపించడం లేదు.

రిపోర్టు గురించి మీరు చాలా రాశారు, కొట్టు గురించి రెండు ముక్కలు రాశారు. నాకు ఎక్కువ పనికొచ్చింది ఆ రెండు ముక్కలే. బుద్ధిమాంద్యం అని తేల్చడానికి ఐక్యూ సంఖ్య ఒక్కటే చాలదు. అది సుమారు 70 లోపు ఉండాలి. దాంతోపాటు తనంతట తాను తయారవడం, డబ్బు వాడటం, నలుగురితో మెలగడం, చెప్పిన పని గుర్తుపెట్టుకుని చేయడం లాంటి రోజువారీ విషయాల్లో కూడా వయసుకు తగ్గ సామర్థ్యం లేకపోవాలి. ఈ రెండోదాన్ని తల్లిదండ్రులను కూర్చోబెట్టి ప్రశ్నలడిగి విడిగా అంచనా వేస్తారు. మిమ్మల్ని ఎవరైనా అలా అడిగారా? అడిగినట్టు మీ ఉత్తరంలో లేదు. 37 రూపాయల సరుకిచ్చి 50 నోటుకు 13 తిరిగివ్వగలిగే ఎనిమిదేళ్ల పిల్లాడి గురించి అడగకుండానే ‘స్పెషల్ స్కూల్’ అనేశారన్న మాట.

ఇక 82 సంగతి. ఐక్యూ పరీక్షల్లో సగటు 100. నూటికి 68 మంది పిల్లలు 85కీ 115కీ మధ్య ఉంటారు. 82 అంటే ఆ గీతకు కొంచెం కింద. పైగా ఈ అంకె తక్కెడ తూకం లాంటిది కాదు. అదే పిల్లాడికి అదే పరీక్ష ఇంకో రోజు పెడితే ఐదారు పాయింట్లు అటూ ఇటూ అవడం మామూలే. అందుకే పద్ధతిగా రాసిన రిపోర్టులో ఒక్క సంఖ్య కాకుండా ‘ఇంత నుంచి ఇంత వరకు’ అని ఉంటుంది. మీ రిపోర్టులో అది లేదు.

నా ఉద్దేశంలో ఈ రిపోర్టులో చూడాల్సింది 82 కాదు. దాని పైన ఉన్న రెండు అంకెలు. వెర్బల్ 67, పెర్ఫార్మెన్స్ 97. మే నెల రామగుండం ఎండనూ, డిసెంబరు లంబసింగి చలినీ కలిపి సగటు తీస్తే కాగితం మీద హాయైన వాతావరణం వస్తుంది. 82 కూడా అలాంటి సగటే. మీవాడు నిజానికి ఎలా ఉన్నాడో అది చెప్పదు. పెర్ఫార్మెన్స్ భాగంలో రంగు దిమ్మెలు పేర్చడం, బొమ్మలో లేని భాగం కనిపెట్టడం, ముక్కలు కలిపి బొమ్మ చేయడం లాంటివి ఉంటాయి. వాటిలో మీవాడు తన ఈడు పిల్లలతో సమానంగా ఉన్నాడు. వెర్బల్ భాగంలో పరీక్షించేవాళ్లు నోటితో ప్రశ్న అడిగితే విని జవాబు చెప్పాలి. మాటలకు అర్థాలు చెప్పాలి, వరసగా చదివిన అంకెలను తిరిగి అప్పజెప్పాలి. అక్కడ పడిపోయాడు. కళ్లతో చూసి చేసేవి బాగా చేసి, చెవులతో విని చెప్పాల్సినవి చేయలేకపోయాడంటే నేను బుర్రను అనుమానించే ముందు రెండు సంగతులు చూస్తాను. ఏ భాషలో అడిగారు? వాడికి సరిగా వినపడుతోందా?

భాష గురించి కౌన్సెలర్‌ను తప్పకుండా అడగండి. తొమ్మిది, పది నెలల క్రితం దాకా ‘అమ్మమ్మా, ఆకలేస్తోంది’ తప్ప వేరే భాష అవసరం పడని పిల్లాడికి ఇంగ్లిష్‌లో మాటల అర్థాలు అడిగి ఉంటే, వాళ్లు కొలిచింది తెలివిని కాదు, వాడు ఇంగ్లిష్ మీడియంలో గడిపిన నెలలను. మన దగ్గర పిల్లలకు ఎక్కువగా పెట్టే మాలిన్ పరీక్ష నాగ్‌పూర్‌లో 1969లో తయారైంది. కొన్నిచోట్ల ఇంకా వాడే బినే–కామత్ పరీక్ష అంతకన్నా పాతది, 1930ల నాటిది, కన్నడ, మరాఠీ పిల్లల కోసం తయారుచేసింది. ఇవి పనికిరానివని అనను. అనుభవమున్న సైకాలజిస్టు చేతిలో ఇప్పటికీ చాలా చెబుతాయి. కానీ తాతల కాలం పిల్లలతో పోల్చి మనవళ్లకు మార్కులు వేస్తున్నామన్న ఎరుక పరీక్ష పెట్టేవాళ్లకు ఉండాలి. ఆ పైన జ్వరంతో ఉన్న పిల్లాడికి ముప్పావు గంటలో ముగించడం! పూర్తి పరీక్షను పిల్లాడితో కాసేపు మాట్లాడి, మచ్చిక చేసుకుని, మధ్యలో విరామమిచ్చి చేస్తే గంటన్నర, రెండు గంటలు సులువుగా పడుతుంది. ఒంట్లో బాగాలేని రోజు అసలు పెట్టకూడదు.

ఇప్పుడు చెవుల సంగతి. తరచూ జలుబు, నోటితో ఊపిరి, గురక, పిలిస్తే పలకకపోవడం, టీవీ సౌండ్ పెంచమనడం. ఈ అయిదూ ఒకే పిల్లాడిలో కనిపిస్తే పిల్లల డాక్టరుకు మొదట గుర్తొచ్చేది ‘గ్లూ ఇయర్’. ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్స్ అనే కండ వాచి, చెవికి గాలి వెళ్లే గొట్టం మూసుకుపోయి, కర్ణభేరి వెనక జిగురు నీరు చేరుతుంది. నొప్పి ఉండదు, చీము కారదు. అందుకే ఎవరికీ తెలియదు. మొత్తానికి వినపడకుండానూ పోదు. దగ్గర కూర్చుని మాట్లాడితే బాగానే పలుకుతాడు. నలభై మంది క్లాసులో, ఫ్యాన్ చప్పుడులో, వెనక బెంచీకి చేరేసరికి టీచర్ మాటలో సగం హల్లులు మాయమవుతాయి. తెలిసిన భాషైతే ఆ ఖాళీలను పిల్లలు ఊహించి పూరించుకుంటారు. కొత్త భాషలో ఊహించడానికి ఏముంటుంది? ఇంకో చిక్కు, ఇది ఒక వారం ఎక్కువ, ఒక వారం తక్కువ ఉంటుంది. దాంతో ‘నిన్న విన్నాడు కదా, ఇవాళ నాటకాలు’ అని పిల్లాడే తిట్లు తింటాడు. కొట్లో మీ పక్కనే కూర్చుని లెక్క తప్పనివాడు క్లాసులో ధ్యాస లేనివాడు ఎలా అయ్యాడో దీంతో కొంత అర్థమవుతుంది.

ఇదంతా నా అనుమానమే. చూడకుండా ఖాయంగా చెప్పలేను. ఈ వారమే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించి ఆడియోమెట్రీ (వినికిడి ఎంతుందో చూసే పరీక్ష), టింపనోమెట్రీ (కర్ణభేరి వెనక నీరు చేరిందేమో చూసే పరీక్ష) చేయించండి. రెండూ నొప్పి లేనివి, అరగంటలో అయిపోతాయి. నీరు చేరిందని తేలినా కంగారు వద్దు. చాలామంది పిల్లల్లో దాదాపు మూడు నెలల్లో దానంతట అదే తగ్గుతుంది. తగ్గకపోతే, వినికిడి బాగా తక్కువగా ఉంటే కర్ణభేరిలో చిన్న గొట్టం అమర్చడం, ఎడినాయిడ్స్ తీయడం గురించి డాక్టరు చెబుతారు. అదే చేత్తో కళ్ల పరీక్ష, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. రక్తహీనత ఉన్న పిల్లలు క్లాసులో నీరసంగా, పరధ్యానంగా ఉంటారు. ఇంకొకటి గమనించండి. మాట్లాడుతూ, తింటూ ఉన్నట్టుండి కొన్ని సెకన్లు చూపు నిలిచిపోయి, మళ్లీ ఏమీ జరగనట్టు కొనసాగిస్తాడా? అలా ఉంటే ఫోన్‌లో వీడియో తీసి డాక్టరుకు చూపించండి. అదొక రకం మూర్ఛ కావచ్చు. అప్పుడు ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాలను చూసే పరీక్ష) అవసరం. అది లేకపోతే ఈఈజీ గానీ, ఎంఆర్ఐ గానీ వద్దు. చదువు రాకపోవడానికి కారణం స్కాన్‌లో కనిపిస్తుందనుకోవడం అపోహ. ఐక్యూ పెంచే మాత్ర, సిరప్ ఏదీ లేదు.

వేలిముద్రల టెస్ట్‌కు ఒక్క రూపాయి కూడా పెట్టకండి. డీఎంఐటీ పేరుతో అమ్ముతున్న ఈ వ్యవహారానికి శాస్త్రీయ ఆధారం లేదని మన దేశపు మానసిక వైద్యుల సంఘం ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ చెప్పింది. వేలి గీతలు చూసి మీవాడు ఇంజినీర్ అవుతాడా, డాన్సర్ అవుతాడా చెప్పడం చేయి చూసి జాతకం చెప్పడం లాంటిదే. కంప్యూటర్ ప్రింటవుట్ ఇస్తారు, అదొక్కటే తేడా.

డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే అభ్యసన లోపం ఉందేమో అన్న ప్రశ్న మీరు అడగలేదు గానీ, కూడబలుక్కుని చదువుతాడన్నారు కాబట్టి చెబుతున్నా. ఇంగ్లిష్ మొదలుపెట్టి ఏడాది నిండని పిల్లాడు ఇంగ్లిష్ మెల్లగా చదివితే అది డిస్లెక్సియా అనలేం. తెలుగు ఎలా చదువుతాడో చూడాలి. వాడు ఇదివరకు చూడని రెండో తరగతి తెలుగు వాచకంలో ఒక పేరా ఇచ్చి పక్కన కూర్చోండి. ఒత్తులు వదిలేస్తున్నాడా, గుణింతాలు తారుమారు చేస్తున్నాడా, ప–వ–ష తికమక పడుతున్నాడా, చదివిందాంట్లో ఏముందో చెప్పగలుగుతున్నాడా? ఇది పరీక్ష కాదు, తిట్టకండి, మార్కులు వేయకండి. గమనించింది రాసి పెట్టుకోండి. తెలుగు కూడా అలాగే కష్టంగా ఉంటే, చెవుల సమస్య చక్కబడ్డాక, కొన్ని నెలలు చదువులో సాయం చేసినా మార్పు లేకపోతే, అప్పుడు బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ తయారుచేసిన అభ్యసన లోపాల పరీక్షలు చేయించవచ్చు. దానితోపాటు ఐక్యూ కూడా మళ్లీ చూస్తారు. అదే పరీక్ష వెంటవెంటనే పెడితే జవాబులు గుర్తుండిపోయి ఫలితం చెడుతుంది. కాబట్టి పాత రిపోర్టులో ఏ పరీక్ష వాడారో, తేదీ ఏమిటో రాయించుకోండి. దయచేసి యూట్యూబ్‌లో ప్రశ్నలు చూసి ఇంట్లో బట్టీ పట్టించకండి.

పరీక్ష ఎవరు చేస్తారన్నది కూడా ముఖ్యం. రిపోర్టు మీద రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు సంతకం, ఆ నమోదుకు గుర్తుగా ఇచ్చే సీఆర్ఆర్ నంబరు ఉండాలి. కౌన్సెలర్లందరికీ ఈ రిజిస్ట్రేషన్ ఉండదు. వాళ్లు అనుమానం చెప్పవచ్చు, రెఫర్ చేయవచ్చు. నిర్ధారణ వాళ్ల పని కాదు. మీకు దగ్గర్లో జిల్లా ఆసుపత్రిలోని డీఈఐసీ కేంద్రంలో ముందు అడగండి. పిల్లల ఎదుగుదల సమస్యలను అక్కడ ఉచితంగా చూస్తారు. అక్కడ వీలుకాకపోతే సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఎన్ఐఈపీఐడీ ఉంది. బుద్ధిమాంద్యం లాంటి సమస్యలున్నవారి కోసం పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ అది.

స్కూలుతో ఎలా మాట్లాడాలంటారా? 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యే దాకా చేర్చుకున్న పిల్లాడిని బడి నుంచి పంపేయకూడదు. ప్రవేశానికి పిల్లలకు పరీక్ష పెట్టడం కూడా నేరమే, మొదటిసారి 25,000 రూపాయల వరకు జరిమానా. మైనారిటీ విద్యాసంస్థలకు ఈ చట్టం వర్తించదు, అదొక్కటి చూసుకోండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం అభ్యసన లోపాలను కూడా వైకల్యాల జాబితాలో చేర్చింది. పిల్లల్లో వాటిని త్వరగా గుర్తించి సాయం చేయడం విద్యాసంస్థ బాధ్యత అంది. సాయం చేయమంది గానీ సాగనంపమనలేదు. రేపు నిజంగా డిస్లెక్సియా అని తేలినా సర్టిఫికెట్‌తో పరీక్షల్లో అదనపు సమయం, రాయడానికి సహాయకుడు లాంటి వెసులుబాట్లు ఉంటాయి. సీబీఎస్ఈలో గంటకు 20 నిమిషాలు ఎక్కువ ఇస్తారు. అంత దూరం ఇప్పుడు ఆలోచించకండి. మొదట ప్రిన్సిపాల్‌ను మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి. టీసీ మాట కాగితం మీద పెట్టడానికి చాలామంది వెనక్కి తగ్గుతారు. అయినా పట్టుబడితే మండల విద్యాధికారికి, ఆ తర్వాత జిల్లా విద్యాధికారికి (డీఈఓ) ఫిర్యాదు చేయవచ్చు.

నాకెప్పుడూ బాధగా అనిపించే సంగతి ఒకటుంది. ఈ పరీక్షల మూలపురుషుడు ఆల్ఫ్రెడ్ బినే. 1904లో ఫ్రాన్స్ ప్రభుత్వం వేసిన కమిషన్‌లో ఆయన సభ్యుడు. పారిస్ బడుల్లో ఏ పిల్లలకు అదనపు సాయం కావాలో కనిపెట్టడానికే 1905లో తన సహచరుడు థియోడోర్ సిమోన్‌తో కలిసి మొదటి పరీక్ష తయారుచేశాడు. తెలివి మారని సరుకని వాదించేవాళ్లతో చివరిదాకా గొడవపడ్డాడు. ఆ పరీక్షల వారసత్వంతోనే ఇప్పుడు మన బడులు పిల్లల్ని బయటికి పంపాలని చూస్తున్నాయి.

ఈఎన్‌టీ అపాయింట్‌మెంట్ దొరికేలోపు ఒక పని చేయండి. రేపు పొద్దున క్లాస్ టీచర్‌ను కలిసి, బాబును ముందు బెంచీలో, ఫ్యాన్‌కూ కిటికీకీ దూరంగా కూర్చోబెట్టమనండి. ఏదైనా చెప్పేటప్పుడు పేరు పెట్టి పిలిచి, వాడు తలెత్తి చూశాక చెప్పమనండి. దీనికి ఏ రిపోర్టూ అక్కర్లేదు. రెండు వారాల్లో ఏం తేడా కనిపించిందో ఆమెనే అడిగి, ఆడియోమెట్రీ కాగితంతోపాటు నాకు రాసి పంపండి.