నాన్నగారికి చెప్పని ఆరు సెకన్లు

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం. ఇంటర్ చదివే రోజుల్లో జిల్లా తరఫున ఈత పోటీలకు వెళ్లేదాన్ని. 100 మీటర్ల ఫ్రీస్టైల్ 1 నిమిషం 12 సెకన్లలో ఈదాను. రెండేళ్ల క్రితం మళ్లీ మొదలుపెట్టి, పెద్దవాళ్లకి వయసు గ్రూపుల వారీగా పెట్టే మాస్టర్స్ పోటీలకు సిద్ధమవుతున్నాను. ఇప్పుడు 1:38 పడుతోంది. డిసెంబరు మీట్‌కి 1:20 టార్గెట్ పెట్టుకున్నాను కానీ, రోజూ గడియారం చూడగానే నీరసం వచ్చేస్తోంది. మావారేమో ‘ఈ వయసులో టైమింగ్‌లెందుకు, సరదాగా ఈదుకో’ అంటారు. ఇంట్లో గొడవలవుతున్నాయి. ఉత్సాహం తగ్గకుండా ఉండాలంటే ఎంత టైమ్ పెట్టుకోవాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో మూడు పేజీలు మీవారి మీదే. చివరి పేజీలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ‘ఆదివారం నాన్నగారు ఫోన్ చేసి ఎంతొచ్చిందమ్మా అని అడిగితే 1:32 అని చెబుతున్నాను’ అని రాశారు. అంతే, మళ్లీ మీవారి మీదికి వెళ్లిపోయారు.

ముందు మీరడిగింది తేల్చేద్దాం, అది పెద్ద చిక్కేం కాదు. ఆ 1:12 వచ్చింది మీ ఊళ్లోని 25 మీటర్ల పూల్‌లో. ఇప్పుడు ఈదుతున్నది గచ్చిబౌలిలో, 2002 నేషనల్ గేమ్స్ కోసం కట్టిన 50 మీటర్ల పూల్‌లో. అక్కడ వంద మీటర్లకి మూడుసార్లు గోడ తన్ని ముందుకు దూసుకుపోవచ్చు, ఇక్కడ ఒక్కసారే. పైగా మధ్యలో పాతికేళ్లు, రెండు కాన్పులు. ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడటమే తప్పు. మొదటి 50 మీటర్లు 44 సెకన్లు, రెండో 50 మీటర్లు 54 సెకన్లు అని మీరే రాశారు. మొదట్లో ఎగబడి, చివరికొచ్చేసరికి చేతులు బరువెక్కుతున్నాయన్నమాట. మొదటి సగం కాస్త నెమ్మదించి 46లో ఈది, రెండో సగం 49లో ముగించండి. మొత్తం 1:35 అవుతుంది. ఆరు వారాల పాటు అదొక్కటే చూసుకోండి. ఆ తర్వాత సంగతి మీ కోచ్‌తో మాట్లాడుకోండి. ఇంకో మాట. అంతర్జాతీయ మాస్టర్స్ పోటీల్లో అయిదేళ్లకో గ్రూపు ఉంటుంది, వయసు డిసెంబరు 31 నాటికి లెక్కేస్తారు. వచ్చే ఏడాది మీరు 45–49 గ్రూపులోకి వెళ్తారు. అందులో మీరే చిన్నవాళ్లు.

ఇక మీవారి సంగతి. ‘ఈ వయసులో’ అనడం తప్పే. గోలి శ్యామల గారు 2021 మార్చిలో శ్రీలంక నుంచి ధనుష్కోడి దాకా పాక్ జలసంధి ఈదినప్పుడు ఆవిడ వయసు మీకన్నా ఎక్కువే. ఆ మాట ఆయనకి చెప్పండి. కానీ నాలుగున్నరకి అలారం మోగితే లేచి టీ పెట్టిచ్చేది ఆయనే, పిల్లాడి బాక్సు సర్దేదీ ఆయనేనని కూడా మీరే రాశారు. ఆయనతో మీకు గొడవేం లేదమ్మా. వేరే చోట పడాల్సిన కోపం ఆయన మీద పడుతోంది.

మీ నాన్నగారు రోజూ మెడలో నల్లతాడుకి స్టాప్‌వాచ్ వేసుకుని పూల్ గట్టు మీద కూర్చునేవారు. చీటీల లెక్కలు రాసుకునే పొడుగు పుస్తకంలో మీ టైమింగులు ఎర్ర పెన్సిల్‌తో రాసేవారు. ఇంటర్ రెండో ఏడాదిలో ఆ పుస్తకం మూసేసి ‘ఇక చాలు, ఎంసెట్ చూసుకో’ అన్నారు. మీరు ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఆ రోజు మింగిన మాట ఇప్పటికీ మీ గొంతులోనే ఉంది. 1:20 చేసి చూపించి ‘చూశారా, నన్నెందుకు ఆపేశారు’ అని అడగాలని మీకుంది. అందుకే ప్రతి ఆదివారం ఆరు సెకన్లు కోసేసి చెబుతున్నారు. అబద్ధపు 1:32 చెప్పాక, సోమవారం నిజం 1:38 కనపడితే ఎవరికైనా నీరసం రాకుండా ఎలా ఉంటుంది?

నేనూ ఒకప్పుడు స్టాప్‌వాచ్ పట్టుకుని గట్టు మీద నిలబడ్డ తండ్రినే. మా అమ్మాయి గోడ తాకి, నీళ్లలోంచి తల ఎత్తగానే నా మొహం చూసేది కాదు, నా చేతిలో వాచీ చూసేది. ఆ చూపుకి అర్థం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిశాక నేను తనకి క్షమాపణ చెప్పాను. మీ నాన్నగారికి ఇప్పుడు 76 ఏళ్లు. ఆయనకి చూపించాల్సింది అంకె కాదు. ‘నాన్నా, ఆ రోజు నాకు ఆపడం ఇష్టం లేదు’ అనే మాట ఆయనతో చెప్పాలి. అది ఎదురు తిరగడం కాదు. తండ్రికి నిజం చెప్పకుండా మంచి కూతురు అనిపించుకోవడాన్ని నేను గౌరవం అనను.

ఈ ఆదివారం ఫోన్ వచ్చేదాకా ఆగొద్దు. కూకట్‌పల్లిలో నాన్నగారుంటున్న మీ తమ్ముడింటికి మీరే వెళ్లండి. ‘1:38 నాన్నా, ఇన్నాళ్లూ తగ్గించి చెప్పాను’ అనండి. ఆయన నొచ్చుకోవచ్చు, అసలేమీ మాట్లాడకపోవచ్చు. కాసేపు అక్కడే కూర్చోండి, వెంటనే లేచి వచ్చేయకండి. తర్వాత వీలున్న ఒక ఉదయం ఆయన్ని పూల్‌కి తీసుకెళ్లండి. వాచీ ఆయన చేతికివ్వొద్దు, ఆ పని మీ కోచ్ చూసుకుంటాడు. ఆయన ఊరికే కూర్చుని మీరు ఈదడం చూస్తే చాలు. గట్టు దగ్గర మెట్లు తడిగా ఉంటాయి, చెయ్యి పట్టుకుని దింపండి.