బేస్‌మెంట్‌లో పడుకోవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో, కొలంబస్‌లో ఇల్లు కొంటున్నాడు. ఇన్‌స్పెక్షన్‌లో బేస్‌మెంట్‌లో రేడాన్ 6.8 ఉందని తేలిందట. 'పైపు వేయిస్తే సరిపోతుందమ్మా' అంటున్నాడు. రేడియేషన్ అనే మాట విన్నప్పటి నుంచీ నాకు ఒకటే టెన్షన్. మేం వెళ్తే మాకిచ్చే గది ఆ బేస్‌మెంట్‌లోనే. ఇల్లు వదులుకోమని చెప్పనా? ఇక్కడ సీతమ్మధారలో మా ఫ్లాటు అమ్మకానికి పెట్టాం. దానికీ ఈ పరీక్ష చేయించాలా?
— ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: వదులుకోమనకండమ్మా. మీ అబ్బాయి చెప్పింది నిజమే, కాకపోతే సగమే చెప్పాడు.

మట్టిలో, రాతిలో ఉండే కాస్తంత యురేనియం క్షీణిస్తూ రేడియంగా, ఆ రేడియం రేడాన్‌గా మారుతుంది. రంగూ వాసనా లేని వాయువు. ఆరుబయట గాలిలో కలిసిపోతుంది. చలికాలంలో అక్కడ తలుపులన్నీ బిగించి హీటర్ వేసుకుంటారు. వేడిగాలి పైకి పోతున్న కొద్దీ ఇల్లు కింది నేలలోని గాలిని గచ్చు పగుళ్లలోంచి, సంప్ గుంటలోంచి లాక్కుంటుంది. (సంప్ అంటే మన మంచినీళ్ల సంప్ కాదు, ఊటనీరు తోడిపోసే గుంట.) ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు. అక్కడ ఆ జబ్బుకు సిగరెట్ తర్వాత రెండో కారణం ఇదే.

6.8 అంటే లీటరు గాలికి అన్ని పికోక్యూరీలు. 4 దాటితే బాగు చేయించమని అక్కడి పర్యావరణ సంస్థ చెబుతుంది. 1984లో పెన్సిల్వేనియాలో ఒక ఇంజినీరు, ఇంకా మొదలుకాని అణు విద్యుత్ కేంద్రంలోకి వెళ్తుంటే రేడియేషన్ అలారం మోగింది. తీరా చూస్తే ఆ రేడియేషన్ అతను ఇంటి నుంచి మోసుకొచ్చినది! ఆ ఇంట్లో కొలత వేలల్లో ఉంది. దాన్నీ బాగు చేయించుకుని మళ్లీ అందులోనే కాపురమున్నారు.

అబ్బాయితో ఒక మాట చెప్పండి. పైపు పని (నేల కింది గాలిని ఫ్యాన్‌తో లాగి కప్పు పైకి వదిలే ఏర్పాటు) ఇల్లు అమ్మేవాళ్ల చేతిలో పెట్టవద్దు, వాళ్లు చవకలో కానిచ్చేస్తారు. ఆ మేరకు ధర తగ్గించుకుని, లైసెన్సున్న మనిషితో తనే చేయించుకోవాలి. ఫ్యాన్ కనీసం 24 గంటలు నడిచాక మళ్లీ పరీక్ష పెట్టాలి. దానికి 12 గంటల ముందు నుంచే కిటికీలు మూయాలి, పరీక్ష కనీసం 48 గంటలు సాగాలి. మధ్యలో ఎవరైనా కిటికీ తెరిస్తే ఆ అంకెకు విలువ లేదు.

మీ ఫ్లాటు సంగతికి వస్తే, అక్కర్లేదు. ఇక్కడ కొనేవాళ్లు అడిగేది ఈసీ, లింకు డాక్యుమెంట్లు, ప్లాన్ అప్రూవల్. కింద పార్కింగ్, పైన మీ ఇల్లు, రోజంతా తెరిచి ఉండే కిటికీలు. నేలలోంచి వచ్చేది మీ దాకా ఎక్కడ వస్తుంది? భీమిలి వైపు ఇసుకలో థోరియం ఉన్న మోనజైట్ ఉంటుందని ఎవరైనా భయపెట్టినా కంగారు పడకండి. దాన్నుంచి పుట్టే థోరాన్ అనే రేడాన్ లాంటి వాయువు నిమిషం గడిచేసరికి సగానికి పైగా తగ్గిపోతుంది.

ఇక బేస్‌మెంట్‌లో పడక. కొలత తగ్గాక నిక్షేపంగా పడుకోండి. మా అమ్మాయి ఇంట్లో నేనూ అక్కడే పడుకున్నాను. గచ్చుకు కన్నం పెట్టి దించిన తెల్ల పైపు కప్పు దాటి పైకి వెళ్తుంది, దానికి బిగించిన ఫ్యాన్ రాత్రింబవళ్లు తిరుగుతుంది. పైపు మీద 'యు' ఆకారంలో చిన్న గొట్టం, అందులో ఎర్ర ద్రవం. ఒక వైపు ఎత్తుగా, రెండో వైపు పల్లంగా ఉంటే ఫ్యాన్ లాగుతున్నట్టు. ఓ రోజు పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని చూస్తే రెండు వైపులా సమంగా ఉంది. ఫ్యాన్ ఆగి ఎన్నాళ్లయిందో మా అల్లుడికి తెలియనే తెలియదు. మీరు వెళ్లాక ఆ గొట్టం వంక రోజూ ఓసారి చూస్తుండండి.